అవ్వ చూపించిన వాలు: ఎండిన బావికి వాన నీళ్లు మళ్లించుకోవడం ఎలా

మా పొలంలో ఇరవై అడుగుల వెడల్పు, నలభై రెండు అడుగుల లోతు ఉన్న రాతికట్టు బావి ఉంది. మా తాత, ఆయన తమ్ముడు కలిసి తవ్వించారు. అవ్వ కాపురానికి వచ్చిన ఏడు దానికి కట్టు కట్టారు. నా చిన్నప్పుడు గట్టు మీద నిలబడి తొంగిచూస్తే నీళ్లలో నా ముఖం కనిపించేది. నేను డిగ్రీ చదివే రోజులకు అడుగున బురద మిగిలింది. 2018 కరువుకు ఆ బురద కూడా పగుళ్లిచ్చి, అందులో తుమ్మమొక్కలు మొలిచాయి.

మాది కదిరి వైపు పల్లె. 2022లో జిల్లాలు విడగొట్టాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాం గానీ ఇంట్లో అందరి నోటా ఇప్పటికీ అనంతపురం జిల్లానే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు. పడమటి కనుమల వెనక ఉండిపోయాం కాబట్టి నైరుతి మేఘాలు మా దాకా వచ్చేసరికి చాలావరకు కురిసేసి వస్తాయి. నేను అనంతపురంలో టీచరుగా పనిచేస్తున్నాను, సేద్యం తమ్ముడు చూసుకుంటాడు. 2019 ఎండాకాలం సెలవుల్లో అవ్వ, నాయన, తమ్ముడు, నేను కలిసి ఆ బావిని మళ్లీ బతికించే పని మొదలుపెట్టాం. ఇప్పుడు మంచి వానలు పడిన ఏడాది సంక్రాంతి దాటినా అందులో నీళ్లుంటున్నాయి. ఆ పని ఎట్లా చేశామో, ఎక్కడ తప్పు చేశామో ఇక్కడ రాస్తున్నాను. మీ నేల వేరు, మీ వాలు వేరు. మా కొలతలను ఉన్నవి ఉన్నట్టు దించుకోకుండా, పని చేసిన తీరు చూసుకోండి.

ముందు పెద్దవాళ్లతో పొలం తిరగండి

గడ్డపార పట్టుకునే ముందు చేయాల్సిన పని ఇది. మేం దీన్ని రెండో పనిగా చేశాం, అందుకు ఒక వారం కూలి డబ్బులు పోయాయి. నేనూ తమ్ముడూ కంటికి కనిపించిన వాలును నమ్మి బావికి తూర్పు పక్క కాలువ తీయించాం. అవ్వ అన్నం మూట పట్టుకొని వచ్చి, ఆ కాలువ చూసి, "ఆడ నీళ్లెప్పుడు పారినాయి పాపా? నీళ్లు పడమటి గట్టు కింద నుంచి కదా వచ్చేది" అంది. అక్కడ వాలు ఉన్నట్టు నా కంటికి ఆనలేదు. తర్వాత కొలిచి చూస్తే అవ్వ చెప్పిందే నిజం. మా నాయన కాలంలో పొలం చదును చేయించినప్పుడు పైపొర మారింది గానీ, దాని కింద పాత వంక దారి అట్లాగే ఉంది.

పెద్దవాళ్లను "అప్పట్లో నీళ్లు ఎక్కడుండేవి?" అని అడిగితే "అన్నిచోట్లా ఉండేవి" అంటారు. ఆ జవాబుతో పని జరగదు. పనుల గురించి అడగండి. బట్టలు ఎక్కడ ఉతికేవాళ్లు? ఎనుములను ఎక్కడ కడిగేవాళ్లు? బండి చక్రం ఏ మలుపులో కూరుకుపోయేది? తుంగ ఎక్కడ మొలిచేది? ఎండాకాలంలో చెలమ తవ్వితే ఎక్కడ ఊట వచ్చేది? పురుడు వచ్చినప్పుడు, పెళ్లి జరిగినప్పుడు నీళ్లు ఎక్కడి నుంచి మోశారు? అవ్వ ఈ ఒక్కో ప్రశ్నకు ఒక్కో చోటికి నడిచి చూపించింది. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులతో, రెండు పొద్దుల్లో ఆరెకరాలూ తిప్పింది. ఆమె ఆగిన ప్రతిచోటా మేం సున్నం ముగ్గు చల్లాం. చివర్లో మిద్దె మీద నుంచి చూస్తే ఆ చుక్కలన్నీ ఒకే గీతగా కనిపించాయి. అదే పాత వంక.

మీ ఇంట్లో అంత పెద్దవాళ్లు లేకపోతే ఊళ్లో గొర్రెలు కాసినవాళ్లను అడగండి. చెరువు ఉన్న ఊరైతే నీరుగంటి కుటుంబాన్ని అడగండి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంత నీళ్లు వదలాలి అనే లెక్క వాళ్లదే కాబట్టి, ఎక్కడి నీళ్లు ఎటు వస్తాయో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఆ తర్వాత గట్టి వాన పడే రోజున గొడుగు తీసుకొని మీరే పొలంలో నిలబడండి. అరగంట చాలు. నీళ్లు ఎక్కడ చేరి, ఎక్కడ రంగు మారి, ఎక్కడ వేగం పట్టుకుంటున్నాయో చూసి చిన్న కర్రలు గుచ్చుకుంటూ పోండి.

బావి ఎందుకు ఎండిందో ఇంట్లో మాట్లాడుకోండి

ఇది కట్టుబడి పని కాదు గానీ, దీన్ని వదిలేస్తే మిగతా పని నిలబడదు.

మా తాత కాలంలో ఈ బావి మీద కపిల తోలేవాళ్లు. గిలక మీద మోకు, మోకుకు తోలు బాన, దాని కింద తొండం. జత ఎద్దులు వాలుగా ఉన్న దారిలో కిందికి నడిస్తే బాన పైకి వచ్చేది. కోడికూతకు మొదలుపెడితే ఎండ ముదిరే దాకా తోలేవాళ్లు, ఆపైన ఎద్దులు అలిసిపోయేవి. ఎద్దులు ఆగితే నీళ్లూ ఆగేవి. పగలు తగ్గిన నీళ్లు రాత్రికి ఊరేవి. బావి కింద అరెకరా రాగి, నాలుగు సాళ్లు మిరప, గట్టు మీద కానుగలు, అంతే. మిగతా పొలమంతా వాన మీద కొర్ర, సజ్జ, కంది, అనప, ఆముదం కలిపి ‘అక్కడి సాళ్లు’గా, అంటే ఒకే చేలో సాలు సాలుకూ పంట మార్చి వేసేవాళ్లు. నీళ్లు ఇంతే తోడాలని తాతకు ఎవరూ నియమం పెట్టలేదు. ఎద్దుల ఓపికే ఆయన నియమం.

1973లో మోటరు వచ్చింది. అప్పటికి నాయన ఇంకా పిల్లవాడు. స్విచ్ వేస్తే నీళ్లు దూకడం చూసి ఊరంతా వచ్చి నిలబడ్డారని ఇప్పటికీ చెబుతాడు. అరెకరా తడి కాస్తా రెండెకరాల వరి అయింది. మెట్టలో అక్కడి సాళ్లు పోయి, జిల్లా అంతటా వచ్చినట్టే మాకూ శెనక్కాయ ఒక్కటే మిగిలింది. 1988లో మొదటి బోరు 180 అడుగులకు పడింది, రెండంగుళాల నీళ్లు. ఆ తర్వాత ఇంకో నాలుగు వేశాం. ఒక్కోసారి టెంకాయ పట్టుకొని నీళ్ల జాడ చూసేవాళ్లు వచ్చారు, ఒక్కోసారి వేపపుల్లతో వచ్చారు. చివరిది 2012లో 620 అడుగులు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ రాత్రి రిగ్గు బండి వెళ్లిపోయాక నాయన గట్టు మీదే కూర్చుండిపోయాడు, అన్నానికి రాలేదు.

నాయనను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మా ఇద్దరి చదువులూ ఆ బోర్ల నీళ్లలోంచే వచ్చాయి. 2004 నుంచి సేద్యానికి ఉచిత కరెంటు వచ్చింది. త్రీఫేజ్ ఏ రాత్రి వేళ వస్తుందో తెలియక అందరం ఆటో స్టార్టర్లు పెట్టుకున్నాం, మోటర్లు వాటంతట అవే తిరిగాయి. ఎద్దులు అలిసినప్పుడు ఆగే పద్ధతి పోయింది, దాని బదులు ఆపేది ఇంకొకటి మేమెవరం పెట్టుకోలేదు. మా నేల కింద ఉన్నది గట్టి బండ. ఎర్రమట్టి కింద ముప్ఫై, నలభై అడుగుల మందాన మొరం, సుద్ద ఉంటాయి. వాన నీళ్లు దాచుకునేది ఆ పొరే. తాత బావి తాగింది దానిలోంచే. బోరు ఆ పొరను దాటి బండ చీలికల్లోకి పోతుంది. చీలికల్లో పట్టే నీళ్లు కొంచెమే, అవీ పైపొర నుంచి దిగినవే. చుట్టూ పది బోర్లు కిందనుంచి లాగితే పైన బావి ఎండక ఏం చేస్తుంది?

ఈ మాటలు నాయనతో కూర్చొని మాట్లాడటానికి మాకు రెండు రోజులు పట్టింది. మొదటి రోజు ఆయన లేచి వెళ్లిపోయాడు. రెండో రోజు తనే బోర్ల లోతులు, సంవత్సరాలు వరుసగా చెప్పి నా చేత రాయించాడు. అట్లా రాయించిన కాగితమే మా పనికి మొదటి పేజీ అయింది.

వాన లెక్క నేర్చుకోండి

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఎకరా అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. కాబట్టి ఎకరాకు మిల్లీమీటరు వాన అంటే దాదాపు 4,000 లీటర్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే ఒక్క ఎకరా మీద పడేది 22 లక్షల లీటర్లు. ఈ అంకె విన్నప్పుడు తమ్ముడు నమ్మక, తన ఫోన్‌లో మళ్లీ లెక్కవేసి చూశాడు.

వాన కొలవడానికి అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న డబ్బా చాలు. ఆరుబయట, చెట్టు నీడ గానీ చూరు చినుకులు గానీ పడని చోట, గట్టిగా నిలబెట్టండి. పొద్దున్నే స్కేలు పెట్టి లోతు చూసి, రాసుకొని, పారబోయండి. మా ఇంట్లో ఈ పని తమ్ముడి కూతురిది.

పడిన వానంతా పారదు. కొంత నేల తాగుతుంది, కొంత ఆవిరవుతుంది. మా వాలుకు, మా ఎర్రనేలకు గట్టి వానలో పావు వంతు పారుతుందని పెట్టుకున్నాం. బావి వైపు వాలి ఉన్నది రెండెకరాలు. 20 మిల్లీమీటర్ల వాన పడితే మొత్తం 1,60,000 లీటర్లు, అందులో పావు 40,000. ఇరవై అడుగుల వెడల్పు బావిలో అడుగు మందం నీళ్లంటే సుమారు 8,900 లీటర్లు. అంటే అట్లాంటి ఒక్క వానకు బావి నాలుగున్నర అడుగులు లేవాలి. మీ బావి వెడల్పుతో మీరూ లెక్క వేసుకోండి. వెడల్పులో సగాన్ని దానితోనే గుణించి, 3.14తో గుణిస్తే అడుగు మందానికి ఎన్ని ఘనపుటడుగులో వస్తుంది. ఘనపుటడుగుకు 28.3 లీటర్లు.

వాలు కొలవడం

తాపీమేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్ చాలు. యాభై అడుగుల సన్న పారదర్శక గొట్టం కొని, బుడగలు లేకుండా నీళ్లు నింపండి. ఒకేరకం కర్రలు రెండు తీసుకొని, అడుగులు, అంగుళాలు గుర్తులు పెట్టి, గొట్టం రెండు కొసలూ వాటికి కట్టండి. ఒకరు పైన, ఒకరు కింద కర్ర నిలబెడితే నీళ్లు రెండు వైపులా ఒకే మట్టంలో ఆగుతాయి. రెండు కర్రల మీద అంకెల తేడానే ఆ రెండు చోట్ల మధ్య వాలు. గొట్టం ఎండలో వేడెక్కితే సాగుతుంది, బుడగలు కూడా పడతాయి, కాబట్టి పొద్దున పూటే చేయండి.

ఈ కొలతతోనే అవ్వ చెప్పిన పడమటి గట్టు కింద నేల, మేం తీయించిన తూర్పు కాలువ కంటే తొమ్మిది అంగుళాలు పల్లంగా ఉందని తేలింది. తూర్పు కాలువ పూడ్చేశాం.

బావిలోకి దిగే ముందు

ఇక్కడ తొందర పనికిరాదు. వాడకుండా వదిలేసిన బావి అడుగున చెడ్డగాలి చేరుతుంది. మొక్కలు, జంతువులు కుళ్లితే ఆక్సిజన్ తగ్గుతుంది, మనిషి దిగిన నిమిషంలో స్పృహ తప్పవచ్చు. పైనున్నవాడు కాపాడబోయి వాడూ పడతాడు. మా పక్క ఊళ్లో అన్నదమ్ములిద్దరు అట్లానే పోయారు. దీపం వదిలి చూసే పాత పద్ధతి ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, అన్ని చెడ్డగాలులూ దీపాన్ని ఆర్పవు. పెద్ద గొట్టంతో పైనుంచి గాలి కొట్టే బ్లోయర్ తెచ్చి, దిగే ముందు కనీసం అరగంట నడపండి, లోపల మనిషి ఉన్నంతసేపూ నడుస్తూనే ఉండాలి. దిగినవాళ్ల నడుముకు తాడు, పైన ఇద్దరు మనుషులు తప్పనిసరి. డీజిల్ ఇంజను గానీ పెట్రోలు ఇంజను గానీ బావిలోకి దించి నడపకండి, దాని పొగ ప్రాణం తీస్తుంది. ఎవరైనా లోపల పడిపోతే వెంట దిగకుండా తాడుతో పైకి లాగండి, 108కి, 101కి ఫోన్ చేయండి.

కట్టు రాళ్లు కదిలి ఉంటే పూడిక తీసే పని ఆపి ముందు మేస్త్రీకి చూపించండి. మేం ఆరడుగుల పూడిక తీశాం. అందులో కపిల గిలక ఒకటి దొరికింది, చెక్క మాత్రం సగం పోయింది. అవ్వ దాన్ని కడిగి దేవుడి గూటి కింద పెట్టుకుంది.

పూడిక మట్టిని పారేయకండి. దానిలో సన్నమట్టి, కుళ్లిన ఆకు ఉంటాయి. మా గరపనేల ముక్కలో చల్లితే ఆ ముక్కలో తడి ఎక్కువ రోజులు ఆగుతోంది.

బురద దించే తొట్టి, వడకట్టే తొట్టి

పొలం మీద పారే నీళ్లను నేరుగా బావిలో వదిలితే రెండేళ్లలో బావి మళ్లీ పూడుతుంది. అందుకని రెండు తొట్లు కావాలి.

మొదటిది బురద దించేది. ఆరున్నర అడుగుల పొడవు, అంతే వెడల్పు, ఐదడుగుల లోతు. గోడలకు రాయి పేర్చి సిమెంటు పూశాం. నీళ్లు ఇందులోకి వచ్చి నెమ్మదించాలి, నెమ్మదిస్తేనే మట్టి దిగుతుంది. అవ్వ దీన్ని చూసి, "ఇది చిల్లగింజ కుండ కదా" అంది. ఆమె కాలంలో వంక నీళ్లు తెచ్చినప్పుడు, కుండ లోపలి పక్క చిల్లగింజ అరగదీసి నీళ్లు పోసేవాళ్లు. కాసేపటికి బురద అడుగుకు చేరి పైన తేట నీళ్లు మిగిలేవి. తొట్టిలో మనం గింజ వేయం గానీ, నీళ్లను కాసేపు కదలకుండా ఉంచి తేట పట్టుకోవడం అనే పని మాత్రం ఒకటే.

రెండోది వడకట్టేది. అడుగున ఒకటిన్నర అడుగు మందం గుండ్రాళ్లు, దాని మీద అడుగు 40 మిల్లీమీటర్ల కంకర, దాని మీద అడుగు 20 మిల్లీమీటర్ల కంకర. ఆ పైన నైలాన్ వల పరిచి, దాని మీద అడుగు మందం ముతక ఇసుక. వల లేకపోతే ఇసుక కంకరలోకి జారిపోతుంది. ఈ తొట్టి అడుగు నుంచి ఆరంగుళాల పీవీసీ పైపు బావిలోకి పోతుంది. పైపు కొస కట్టు గోడ నుంచి రెండడుగులు ముందుకు రావాలి, లేకుంటే ధార గోడ మీద పడి రాళ్ల సందుల్లో మట్టి కొట్టుకుపోతుంది. పైపు మూతికి వల బిగించండి, కప్పలు, పాములు రాకుండా ఉంటాయి. రెండు తొట్లనూ బావి గట్టుకు దగ్గరగా తవ్వకండి. మేం పదిహేను అడుగులు వదిలాం.

కాలువ మొదట్లో ఒక చిన్న పలక తూము పెట్టండి. ఆ ఏడాది తొలి రెండు వానల నీళ్లు పేడ, చెత్త, ఎరువు, మందులు మోసుకొస్తాయి. వాటిని పక్కకు వదిలేయాలి. పురుగుమందు కొట్టిన వారంలో పడిన వాననూ లోపలికి రానివ్వకండి. ఇక ఆ బావి నీళ్లు ఇంట్లో తాగడానికి వాడుతుంటే పొలం నీళ్లు దానిలోకి అసలు మళ్లించకండి. మిద్దె మీది వాన నీళ్లను మాత్రమే, అవి కూడా వడకట్టి వదలండి.

పొంగే నీళ్లకు దారి ముఖ్యం. 2021 నవంబరులో రాయలసీమలో కుండపోత వానలు పడ్డాయి కదా, అప్పుడు మా బురద తొట్టి పొంగి పక్క గట్టు తెగింది. పొంగు పోవడానికి ఇరుకు దారి పెట్టడమే మా తప్పు. ఇప్పుడు చెరువుకు మరవ ఉన్నట్టు, తొట్టికి నాలుగడుగుల వెడల్పు మరవ కట్టి, పాత వంకలోకి దారి ఇచ్చాం. ఆ వంక నీళ్లు కింద ఊరి కుంటకు చేరతాయి. వాలు మీద పడిన ప్రతి చుక్కనూ మన బావికే లాక్కుంటే కుంట కింద వాళ్ల నోరు కొట్టినట్టే. పని మొదలుపెట్టే ముందే నాయన వెళ్లి కింది రైతులతో మాట్లాడి వచ్చాడు.

పైవాలులో అడ్డకందకాలు

తొట్ల కంటే చవకైనది, నా లెక్కలో వాటికంటే విలువైనది ఈ పని. బావికి ఎగువన వాలుకు అడ్డంగా, ఒకే మట్టం వెంట, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు కందకాలు తీయండి. తీసిన మట్టి కింది వైపు వేయండి. పది అడుగుల కందకంలో దాదాపు 850 లీటర్లు ఆగుతాయి. మేం పది అడుగుల పొడవున ఒక్కో కందకం తీసి, దానికీ పక్కదానికీ మధ్య మూడడుగులు తవ్వకుండా వదిలాం, ఒకచోట గట్టు తెగినా నీళ్లన్నీ ఒకేసారి పోవు. మట్టికట్ట మీద కానుగ, సీతాఫలం పెట్టాం. కానుగాకు పొలానికి ఎరువు, అవ్వ కాలంలో మడి తొక్కించేది ఆ ఆకుతోనే. పైగా కానుగను మేకలు పెద్దగా ముట్టవు, అందుకే మా దగ్గర అది బతుకుతుంది.

ఈ కందకాలూ, నీటికుంటలూ ఉపాధి హామీ పనుల కింద కూడా చేయిస్తారు. గ్రామసభలో అడగండి. పనంతా మృగశిరకు ముందే, అంటే జూన్ మొదటి వారానికల్లా ముగించాలి.

మొదటి ఏడాది ఏం జరిగిందంటే

ఆరుద్ర కార్తెలో మంచి వాన పడింది. "ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయి" అని అవ్వ సంబరపడింది. పొద్దున లేచేసరికి బావిలో నాలుగడుగుల నీళ్లు. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి పోయారు. నాలుగో రోజుకు ఒక్క చుక్క లేదు.

నాయన చాలా బాధపడ్డాడు. "పోసిందంతా పాయ" అన్నాడు. మీకూ ఇదే జరిగితే పని ఆపకండి. బావి చుట్టూ మొరం పొర ఏళ్ల తరబడి ఎండి ఉంటుంది, ముందు అది తాగాలి. ఆ ఏడు మా బావి అట్లా ఏడుసార్లు నిండి ఏడుసార్లు ఇంకింది. రెండో ఏడు, 2020లో, దసరా దాటాక నీళ్లు నిలవడం మొదలైంది. మా 180 అడుగుల పాత బోరులో అంగుళం నీళ్లు తిరిగి వచ్చాయి. పక్క పొలం వాళ్ల బోరుకూ వచ్చాయి. "వాళ్లకెందుకు పోవాల మన నీళ్లు" అని తమ్ముడు ఒకసారి అన్నాడు. అవ్వ నవ్వి, "మన బావి తవ్వేటప్పుడు వాళ్ల ఎద్దులు కూడా మట్టి లాగినాయిలే నాయనా" అంది.

బోరు చుట్టూ కూడా ఇంకుడు గుంత తవ్వుకోవచ్చు. కేసింగ్ పైపుకు రంధ్రాలు వేసి, వల చుట్టి, చుట్టూ రాళ్లు, కంకర, ఇసుక నింపే పద్ధతి అది. కానీ మురికి నీళ్లు నేరుగా లోతుకు దిగే ప్రమాదం ఉంది, కాబట్టి భూగర్భ జలాల శాఖ వాళ్లకు చూపించకుండా చేయవద్దని నా సలహా. ఉన్న బావిని వాడుకోవడమే తేలిక.

తోడటానికి ఒక హద్దు

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించినప్పటిది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. ఆ దోషాల్లో ఒకటి, నీళ్లు తక్కువగా ఉండి తడపాల్సిన భూమి ఎక్కువగా ఉండటం. ఇది నాయనకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రెండెకరాల వరి అదేలే" అన్నాడు.

ఎకరా వరికి పంట కాలమంతా కలిపి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. అంటే 48 లక్షల లీటర్లు. మా ఎకరా మీద ఏడాదంతా పడే వాన 22 లక్షలే. ఒక ఎకరా వరి తాగాలంటే రెండెకరాలకు పైగా పడే వాన ఒక్క చుక్క పోకుండా పట్టాలి. ఈ లెక్క చూశాక మా ఇంట్లో వరి మాట మళ్లీ రాలేదు. బియ్యం కొనుక్కుంటున్నాం.

ఇప్పుడు బావి కింద అరెకరా కూరగాయలు, డ్రిప్‌తో. మెట్టలో సగం కొర్ర, కంది అక్కడి సాళ్లు, సగం శెనక్కాయ. శెనక్కాయకు ఊడలు దిగి కాయ ఊరే సమయంలో వాన మొహం చాటేస్తే, అప్పుడు మాత్రం బావి నీళ్లతో ఒకటి రెండు తడులు ఇస్తాం. కొర్ర మూడు నెలల లోపే చేతికొస్తుంది, దానికి బావి జోలికే పోము.

మా హద్దు ఏమిటంటే, నీళ్లు బావి అట్టడుగు నుంచి పది అడుగుల ఎత్తున ఉన్న గుర్తుకు దిగితే మోటరు ఆపేయాలి, మళ్లీ ఊరే దాకా వేయకూడదు. ఆటో స్టార్టర్ పీకేశాం. మోటరు వేయాలంటే మనిషి బావి దాకా నడిచి, గుర్తు చూసి, స్విచ్ వేయాలి. ఒకసారి మిరప వాడుతుంటే తమ్ముడు గుర్తు దాటి నీళ్లు పెట్టాడు, అది మరిచి రాయకుండా వదిలేద్దామనుకున్నాడు. అతని కూతురే చూసి పుస్తకంలో రాసింది. మీ హద్దు మీరు పెట్టుకోండి గానీ, అది బావి గోడ మీద రంగుతో గీసి ఉండాలి, ఇంట్లో పిల్లలకు కూడా కనిపించాలి.

ఏటా చేయాల్సినవి

ఉగాది తర్వాత బురద తొట్టి ఎత్తిపోసి శుభ్రం చేయండి. ఇసుక పైపొర నాలుగంగుళాలు తీసి, కడిగి, ఎండబెట్టి మళ్లీ వేయండి. రెండేళ్లకోసారి కంకర కూడా కడగాలి. కందకాల్లో చేరిన మట్టిని కట్ట మీదికే ఎగదోయండి. వాన వెలిసిన ప్రతిసారీ తూము దగ్గర ఆకులు, కొమ్మలు తీయాలి, ఈ ఒక్కటి మరిచిపోతే ఆ వాన నీళ్లు మీ బావికి రావు.

కొత్తగా బోరు వేయాలన్న ఆలోచన వస్తే, 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం ముందే అనుమతి తీసుకోవాలని మరిచిపోకండి.

పుస్తకం పెట్టండి. మాది మామూలు రెండు వందల పేజీల నోటుబుక్కు. తేదీ, వాన ఎన్ని మిల్లీమీటర్లు, బావిలో నీళ్లు ఎన్ని అడుగులు, మోటరు ఎన్ని గంటలు, నాలుగే గళ్లు గీశాను. అవ్వ ఐదో గడి గీయించింది, కార్తె రాయడానికి. ఆమెకు తేదీలు పట్టవు, "పుబ్బలో ఎంత పడింది పాపా, పోయినేడు కంటే ఎక్కువా?" అని అడుగుతుంది. మొదట్లో ఆమె కోసమని రాశాం. ఇప్పుడు విత్తనం ఎప్పుడు వేయాలో చూసుకోవడానికి తమ్ముడు ముందు తిప్పేది ఆ గడినే.

బావి కొలవడానికి ఒక తాడు తీసుకొని, కొసకు గుండ్రాయి కట్టి, అడుగుకొక ముడి వేయండి. తడిసిన భాగంలో ఎన్ని ముడులున్నాయో అన్ని అడుగుల నీళ్లు. నూలు తాడైతే తడిసి బిగుసుకుంటుంది, నాలుగు నెలలకోసారి టేపు పెట్టి ముడుల దూరం సరిచూసుకోండి. సంక్రాంతి పొద్దున ఒక కొలత, ఉగాది పొద్దున ఒక కొలత తప్పకుండా తీయండి, ఏ ఏడుకు ఆ ఏడు పోల్చుకోవడానికి ఆ రెండూ చాలు. మా తాడు తలుపు వెనక మేకుకు వేలాడుతుంటుంది. పోయిన సంక్రాంతికి తమ్ముడి కూతురు దాన్ని బావిలోంచి లాగి, తడిసిన ముడులు పైకి వినపడేట్టు లెక్కపెట్టింది. మంచం మీద నుంచి అవ్వ కూడా ఆమెతో కలిసి లెక్కపెట్టింది. పదమూడు.